అమ్మవారి ముందు ఇనుప బూట్లు

కోదండరామ్ కాలి మీద ఇనుప దిమ్మ పడింది బుధవారం ఉదయం పది ఇరవైకి. ఆ సమయానికి అతని బూట్లు అతనికి ఎనిమిది అడుగుల దూరంలో, మరో పన్నెండు జతల పక్కన, బుద్ధిగా వరుసలో ఉన్నాయి. అవి ముందు భాగంలో ఇనుప టోపీ ఉన్న బూట్లు. కాలి మీద బరువు పడితే వేళ్ళు నలగకుండా ఉండటానికే వాటిని చేస్తారు.

వరుసలో మొదటి జత వీరభద్రానిది.

అది పరాయిదేశంలో, బర్నబీ అనే ఊళ్ళో రైలు పట్టాల పక్కనున్న గోడౌన్. ఒకప్పుడు అందులో పరుపులు నిలవ చేసేవారు. మహీధర్ దాన్ని అద్దెకు తీసుకుని ప్రకటనలు తీసే స్టూడియోగా మార్చాడు. అతనిది హైదరాబాదు. పదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఉండి, ఒకరోజు మీటింగు మధ్యలో తన మనసు కెమెరా మీద ఉందని తెలుసుకున్నాడట. ఇప్పుడు ఇక్కడి మన కిరాణా కొట్లకీ, చీరల షాపులకీ, ఇళ్ళమ్మే ఏజెంట్లకీ ముప్పై సెకన్ల ప్రకటనలు తీస్తాడు. ఆ వారం పని పాలవెల్లి నెయ్యి.

వీరభద్రం అక్కడ ఫ్లోరు చూస్తాడు. అంటే లైట్ల స్టాండ్లు నిలబెట్టడం, పైన కట్టాల్సినవి కట్టడం, కింద ఇసుక సంచులు వేయడం, ఏదీ ఎవరి నెత్తినా పడకుండా చూడటం. తణుకు దగ్గర పల్లెలో వాళ్ళ నాన్నది షామియానా సప్లయి. ఏడో తరగతి పరీక్షలైన వేసవి నుంచి పందిళ్ళు వేశాడు. భార్య శాంతకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే వెనకాలే వచ్చాడు. గాలి ఎటునుంచి వస్తుందో చూసుకుని ముడి వేసే అలవాటు ఇక్కడా పోలేదు, గోడౌన్‌లో గాలి లేకపోయినా. పదకొండేళ్ళలో అతని ఫ్లోరులో ఒక్కరికి గోరు కూడా ఊడలేదు. తలుపు పక్కన గోడకి ఒక బోర్డు ఉంటుంది. ఫ్లోరు బాధ్యత అన్నచోట అతని పేరు. ఈ దేశంలో అతని పేరు రాసి ఉన్న చోట్లు రెండు. ఒకటి డ్రైవింగ్ లైసెన్సు. రెండోది ఆ బోర్డు. లైసెన్సు పరీక్ష రాస్తే ఎవరికైనా ఇస్తారు.

అతను ఒక మాటతో పోయేచోట రెండో మాట వాడడు. ఒక్క మాటా లేకుండా సరిపోతే ఇంకా నయం.

ఆ రోజు సెట్టు పూజగది. జానెడు ఎత్తున చెక్క వేదిక, దాని మీద మూడు గోడలు, మధ్యలో పీట. ప్రకటనలో ఒకామె నేతి దీపం వెలిగిస్తుంది, వెళ్ళి వేడన్నంలో నెయ్యి వేస్తుంది, పిల్లలు నవ్వుతారు. అంతే కథ. అంతకు ముందు దీపావళి ప్రకటనకి అట్ట లక్ష్మీదేవిని వాడారు. ఆవిడ చుట్టూ అందరూ బూట్లతోనే తిరిగారు. ఒకరిద్దరు ఆవిడ మీద కోటు కూడా ఆరేశారు. ఈసారి నెయ్యి కంపెనీ వాళ్ళు నిజం విగ్రహమే కావాలన్నారు. రిటైరైన డాక్టరుగారి భార్య భ్రమరాంబగారు తమ అన్నపూర్ణమ్మను ఎరువిచ్చారు. పంచలోహం, మూరెడు ఎత్తు. నలభై ఏళ్ళ కిందట చేతిసంచిలో, ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారట. ఒకటే షరతు పెట్టారు. పాదరక్షలతో ఎవరూ అమ్మవారి దగ్గరికి రాకూడదు.

ఆ మాట ఆవిడ ఫోన్లో రత్నకుమారికి చెప్పారు. రత్నకుమారి గుంటూరామె, ప్రకటనల్లో కనిపించే వంటలన్నీ ఆమె చేతివే. ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. విగ్రహాన్ని పీట మీద పెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలు చుట్టి, దీపం వెలిగించి, రెండు నిమ్మకాయలు అటూఇటూ పెట్టి, గంట కొట్టింది. కెమెరా ఇంకా పెట్టెలోనే ఉంది. ఎవరి కోసం కొట్టావని అడిగినవాళ్ళు లేరు.

వీరభద్రం పైన గుడ్డ కట్టడానికి అటే వస్తున్నాడు. వేదిక దగ్గర ఆగాడు. పనిముట్ల పెట్టె మీద కూర్చుని, వానకి తడిసిన తాళ్ళు విప్పి, బూట్లు తీసి గోడవారగా పెట్టాడు. సాక్సులతో వేదిక ఎక్కాడు. ఆలోచించి ఉంటే విప్పేవాడు కాదేమో. ఇందులో ఆలోచించాల్సింది ఉందని అతనికి తోచలేదు.

అతని వెనక వడ్రంగులు విప్పారు. లైట్లవాళ్ళు విప్పారు. కెమెరామన్ డెరెక్ తెలుగువాడు కాదు. అతనూ విప్పాడు. తెలుగువాళ్ళ ఇళ్ళకి భోజనాలకి వెళ్ళివెళ్ళి, వరుసలో బూట్లు కనబడితే విప్పేయడం నేర్చుకున్నాడు. కోదండరామ్ చివర విప్పాడు. అతను ఎలక్ట్రీషియను, వరంగల్ మనిషి, మాటకారి. "సలికాలంల సాక్సులతోని డ్యూటీ. భద్రన్న పెట్టిన మర్యాద" అని ఒక మాట అని మరీ విప్పాడు.

పదింటికి రత్నకుమారి కేసరి పళ్ళెంతో బయల్దేరింది.

"ప్రసాదం తీసుకో అన్నయ్యా."

"చేతిల పనుందక్కా. తర్వాత."

"ప్రసాదానికి తర్వాత ఉంటుందా? పట్టు చెయ్యి."

కోదండరామ్ చెయ్యి పట్టాడు. కేసరి అరచేతిలో పడి, వేళ్ళ సందుల్లోంచి కారింది. "ఏందక్కా ఇది, రవ్వల నెయ్యి పోసినవా, నేతిల రవ్వ జల్లినవా?"

"ఇరవై డబ్బాలు పంపారు కంపెనీవాళ్ళు. నన్నేం చేయమంటావు, తలకి రాసుకోమంటావా?"

అతను కేసరి తిన్నాడు, చేతిని కళ్ళకద్దుకున్నాడు, తల మీద రాసుకున్నాడు, మిగిలింది ప్యాంటుకి తుడిచాడు. అన్నీ పద్ధతి ప్రకారమే. తర్వాత పొడుగు కమ్మీ చివర ఉన్న లైటు మార్చడానికి వెళ్ళాడు. అటు చివర లైటు ఉంటుంది, ఇటు చివర దాని బరువుకు సరిపడా ఇనుప దిమ్మ ఉంటుంది. లైటు మార్చేముందు దిమ్మ తీయాలి. పద్ధతి ప్రకారం అదీ ముందే తీశాడు. పన్నెండు కిలోలు. నడుమెత్తు నుంచి జారింది.

"అమ్మా" అన్నాడు. మొక్కుకుంటున్నాడనుకుంది రత్నకుమారి.

*

ఆంబులెన్సు వెళ్ళాక మహీధర్ ఒక ఫారం తీసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. పనిచోట ప్రమాదాలు చూసే ప్రభుత్వ బోర్డుకి పంపాల్సిన ఫారం. మూడు పేజీలు. వీరభద్రాన్ని ఎదురుగా కూర్చోమన్నాడు.

"'జారుడు పదార్థం ఏదైనా ఉందా?' అని అడుగుతున్నాడు అంకుల్. ఏం రాద్దాం?"

"ఉంది."

"ఏ పదార్థం అంటాడు?"

"ప్రసాదం."

మహీధర్ కలం పైకెత్తి కాసేపు పట్టుకుని 'ఆహారం' అని రాశాడు. తర్వాతి ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. ప్రమాద సమయంలో పనివాడు ఇనుప టోపీ బూట్లు వేసుకుని ఉన్నాడా? కింద రెండు గళ్ళు. అవును, కాదు. మూడో గడి లేదు.

"అవునని టిక్ కొట్టేద్దాం" అన్నాడు.

"ఆంబులెన్సువాళ్ళు కాలు చూశారు. సాక్సుతో ఉంది."

"ఫస్ట్ ఎయిడ్ కోసం మనమే విప్పామని చెప్దాం."

"బూటుకేం కాలేదు."

మహీధర్ ఆలోచించాడు. సాఫ్ట్‌వేర్ చేసినవాడు కాబట్టి ఒక దారి మూసుకుంటే ఊరుకోడు. "అయితే బూటుకి ఏమన్నా అయ్యేలా చేద్దాం."

సెట్టు కదపొద్దని బోర్డువాళ్ళు ఫోన్లో గట్టిగా చెప్పారు. అందుకని పక్కగదిలోంచి అలాంటిదే ఇంకో దిమ్మ తెచ్చారు. కోదండరామ్ కుడికాలి బూటు తెచ్చి సిమెంటు నేల మీద పెట్టారు. మహీధర్ దిమ్మని నడుం దాకా ఎత్తి వదిలాడు. బూటు ఒకసారి ఎగిరి పక్కకి పడింది. తోలు మీద సన్నగా గీత పడింది. అంతే. రెండోసారి ఛాతీ ఎత్తు నుంచి వదిలాడు. రెండో గీత పడింది. మూడోసారి రొప్పుతూ వీరభద్రం చేతికిచ్చాడు. "మీరు వేయండి అంకుల్. మీకు చేయి తిరిగింది."

వీరభద్రం వెంటనే వేయలేదు. వేదిక దగ్గరికి వెళ్ళి పీట కిందికి దొర్లి ఉన్న నిమ్మకాయ ఒకటి తెచ్చాడు. అది కదిపితే తప్పనే సంగతి మహీధర్‌కి గుర్తురాలేదు. వీరభద్రం నిమ్మకాయని బూటులోకి, బొటనవేలు ఉండే చోటి దాకా తోశాడు. అప్పుడు దిమ్మ వదిలాడు. చేయి లోపలికి పెట్టి నిమ్మకాయ బయటకి తీశాడు. వెలుతురులో తిప్పి చూశాడు. గుండ్రంగా ఉంది. తొక్క కూడా చిట్లలేదు.

"ఏమైంది?" అన్నాడు మహీధర్.

"ఏం కాలేదు" అన్నాడు వీరభద్రం. నిమ్మకాయ జేబులో వేసుకున్నాడు.

మహీధర్ మళ్ళీ ఫారం ముందు కూర్చున్నాడు. ఈసారి 'కాదు' గడిలో టిక్ కొట్టి, కింద ఖాళీలో రాస్తూ చదివాడు. "'తలుపు మీద నియమాలు స్పష్టంగా రాసి ఉన్నప్పటికీ, పనివాడు తనంతట తాను బూట్లు విప్పాడు.' ఇది నిజమే కదా?"

"నిజమే."

"మరింకేం?"

"మొత్తం కాదు."

మహీధర్ కలం కింద పెట్టాడు. "అంకుల్, నేను మీ కోసమే చెప్తున్నా. ఫ్లోర్ ఇన్‌చార్జే ముందు విప్పాడని రాస్తే ఏమవుతుంది? ఆ బోర్డు మీంచి మీ పేరు తీసేయమంటారు. నేను తీసేయాలి. మీకు అరవై ఒకటి. ఇంకెవరిస్తారు మీకు ఫ్లోర్? సైలెంట్‌గా ఉండండి, చాలు. ఉండటం మీకు వచ్చు కదా."

వచ్చు. అంతకంటే బాగా వచ్చిన పని అతనికి ఇంకొకటి లేదు.

*

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాడు. కోదండరామ్ కాలు దిండ్ల మీద ఉంది. మూడు వేళ్ళు విరిగాయి. బొటనవేలికి ఆపరేషను చేసి లోపల తీగ గుచ్చారు.

"రా భద్రన్నా. ముప్పై ఏండ్లు కరెంటు ముట్టుకున్న, ఏం కాలె. కేసరి ముట్టుకున్న, ఇగో."

వీరభద్రం కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. జేబులో నిమ్మకాయ తొడకి ఒత్తుకుంటోంది.

"వేళ్ళు కదుల్తున్నాయా?"

"చిన్నేలు కదుల్తది. పెద్దది ఇప్పుడే జెప్పలేమన్నరు. నిచ్చెనెక్కుడు ఇగ ఉంటదో లేదో." ఆ మాట నవ్వుతూనే అన్నాడు. నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక ఇంకాసేపు నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "గవర్మెంటామె ఫోన్ జేసింది. బూట్లెందుకు ఇప్పినవ్ అన్నది. కాళ్ళు నొచ్చినయ్, అందుకే ఇప్పిన అని జెప్పిన."

"అలా ఎందుకు చెప్పావు?"

"మరేం జెప్పాలె? భద్రన్న ఇప్పిండు, నేను ఇప్పిన అని జెప్పాల్నా? నీ మీద జెప్తనా నేను?"

వీరభద్రం లేచి అతని నీళ్ళ గ్లాసు నింపి పెట్టాడు. దుప్పటి కాలికి తగలకుండా సర్దాడు. గ్లాసు అంతకు ముందే నిండుగా ఉందని నీళ్ళు పొర్లాక గమనించాడు.

ఇంటికి వెళ్ళేసరికి శాంత డ్యూటీ నుంచి వచ్చి ఉంది. అన్నం వడ్డిస్తూ మొత్తం అడిగింది. ఆమె అడిగినదానికి మాత్రం అతను జవాబు చెప్తాడు. నలభై ఏళ్ళలో ఎలా అడగాలో ఆమె నేర్చుకుంది.

"ముందు ఎవరు విప్పారు?"

"నేను."

"నిన్ను చూసి మిగతావాళ్ళు."

"ఊఁ."

"కాళ్ళు నొప్పని ఆయన అబద్ధం చెప్పాడు. ఈ దేశంలో తప్పు ఎవరిదైనా దెబ్బ తగిలినవాళ్ళకి ఇవ్వాల్సింది ఇస్తారు. మా వార్డులో రోజూ చూస్తున్నాగా. కాగితం మీద అబద్ధం దొరికితేనే తిప్పలు. ఆ అబద్ధం నీ కోసం ఆడాడు." చారు గిన్నె అతని వైపు జరిపింది. "చెప్పెయ్యి."

"ఫ్లోరు పోతుంది."

"పోతే ఇంట్లో ఉంటావు. ఇంట్లో ఉంటే అల్మైరాలన్నిటికీ తాళ్ళు కడతావు. అదొక్కటే నా భయం."

అతను చారు పోసుకున్నాడు. ఆ రాత్రి నిమ్మకాయని ఫ్రిజ్‌లో పెట్టాడు. పొద్దున శాంత దాన్ని కోయబోతే, వద్దన్నాడు.

*

శుక్రవారం ప్రభుత్వ బోర్డు తరఫున వచ్చిన అధికారికి ముప్పై ఏళ్ళుంటాయి. పేరు తేజశ్రీ. ఎడ్మంటన్‌లో పుట్టి పెరిగింది. తల్లిదండ్రులది రాజమండ్రి అట. మహీధర్ ఆ పేరు చూసి కాస్త ధైర్యం తెచ్చుకుని, "తెలుగువాళ్ళా! కాఫీ తాగుతారా?" అన్నాడు.

"నో థాంక్స్" అందామె. "నా తెలుగు స్లో. బట్ అర్థం అవుతుంది." తలకి హెల్మెట్టు, ఒంటికి మెరిసే పచ్చ జాకెట్టు, కాళ్ళకి ఇనుప టోపీ బూట్లు. బూట్ల తాళ్ళు రెండేసి ముళ్ళు వేసి ఉన్నాయి. ముడి మంచిదని వీరభద్రం గమనించాడు.

ఆమె ఫారం బల్ల మీద పెట్టి ఒక్కొక్క వాక్యమే చదివింది. మహీధర్ ప్రతి వాక్యానికీ తలూపాడు. 'తనంతట తాను బూట్లు విప్పాడు' అన్నచోటికి వచ్చింది.

"అది తప్పు" అన్నాడు వీరభద్రం.

మహీధర్ ఊపుతున్న తల మధ్యలో ఆగింది.

"తప్పు అంటే?"

"ముందు విప్పింది నేను. నేను విప్పానని అందరూ విప్పారు. చివర విప్పినవాడు కోదండరామ్. కాళ్ళు నొప్పని మీకు చెప్పాడు. అది నా కోసం చెప్పాడు. అతనికి కాళ్ళ నొప్పుల్లేవు." కాస్త ఊపిరి తీసుకున్నాడు. అన్ని మాటలు ఒక్కసారి అని చాలా కాలమైంది. "బూటు ఉంటే వేళ్ళుండేవి. వేసి చూశాను."

"వేసి చూశారా? ఏది?"

"దిమ్మ. ఖాళీ బూటు మీద."

ఆమె మహీధర్ వైపు చూసింది. మహీధర్ గోడ మీద ఉన్న మంటలార్పే సిలిండరు మీద తేదీ చదువుతున్నాడు.

"మీరు సూపర్‌వైజర్. రూల్ మీకు తెలుసు" అంది ఆమె.

"తెలుసు. తలుపు మీద ఆ కాగితం అంటించింది నేనే."

"దెన్ వై? ఎందుకు విప్పారు?"

వీరభద్రం వేదిక వైపు చూపించాడు. "అక్కడ అమ్మవారుంది" అన్నాడు.

"ఇట్స్ ఎ ప్రాప్. షూటింగ్ వస్తువు. కదా?"

"అవును."

"సో?"

ఆమె రాసుకుంది. చాలానే రాసుకుంది. అతను తలుపు పక్కనున్న బోర్డు వైపు చూడకుండా కూర్చున్నాడు.

"సరే. ప్లేస్ చూపించండి" అని లేచిందామె.

సెట్టు బుధవారం ఎలా ఉందో అలాగే ఉంది. దిమ్మ పడిన చోటే ఉంది. కదిలినవి రెండే. నిమ్మకాయ, దీపం. దీపం రత్నకుమారి రోజూ వచ్చి వెలిగిస్తోంది. అమ్మవారిని చీకట్లో ఉంచమని ఏ బోర్డూ చెప్పలేదని ఆమె వాదన. ఇప్పుడు కూడా వత్తి సర్దుతూ ఒక పక్కన నిలబడి ఉంది.

తేజశ్రీ టేపు, కెమెరా తీసుకుని వేదిక దాకా నడిచింది. అక్కడ ఆగింది. ఒక చేత్తో గోడ పట్టుకుని వంగి, రెండేసి ముళ్ళూ విప్పి, బూట్లు తీసి, వేళ్ళు గోడ వైపు ఉండేలా జతగా పెట్టింది. చారల సాక్సులతో వేదిక ఎక్కి దిమ్మకీ కమ్మీకీ మధ్య దూరం కొలవడం మొదలుపెట్టింది.

మహీధర్ నోరు తెరిచాడు. వీరభద్రం అతని వైపు చూశాడు. మహీధర్ నోరు మూసుకున్నాడు.

ఆమె కొలత రాసుకుంది. ఫొటో తీసింది. రెండో ఫొటోకి వెనక్కి అడుగు వేస్తూ, పడిన దిమ్మ పక్కన తన పాదం ఎక్కడ పెట్టాలా అని కిందికి చూసింది. కనిపించింది చారల సాక్సు.

"ఓ" అంది.

"పర్వాలేదమ్మా, నేల ఇందాకే తుడిచాను" అంది రత్నకుమారి.

తేజశ్రీ దిగి వచ్చి పనిముట్ల పెట్టె మీద కూర్చుని బూట్లు తొడుక్కుంది. ముళ్ళు వేయడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది. లేచాక మొహం మళ్ళీ అధికారిదే.

"ఇది కూడా రాస్తాను" అంది. "రాయాలి. బూట్లు విప్పింది థర్టీన్ పీపుల్. నాతో ఫోర్టీన్." కాగితం తిప్పింది. "స్టూడియో క్లోజ్. మళ్ళీ ఇలా జరగకుండా ఒక పద్ధతి రాసి ఇవ్వండి. నెక్స్ట్ షూట్‌కి నేను వస్తాను. ఒక్కరు బూట్లు విప్పినా, సూపర్‌వైజర్ మారాలి."

"మేడమ్, మంచి సేఫ్టీ కన్సల్టెంట్‌ని పెట్టి రాయిస్తాను" అన్నాడు మహీధర్.

"కన్సల్టెంట్ ఏం రాస్తారు? 'బూట్లు వేసుకోండి' అని రాస్తారు. అది డోర్ మీద ఉంది." ఆమె వీరభద్రం వైపు తిరిగింది. "మీరు రాయండి అంకుల్."

*

అతను రెండు రోజులు కూర్చుని రాశాడు. తెలుగులో రాశాడు, మహీధర్ ఇంగ్లీషు చేశాడు. ఆరు వాక్యాలు.

అమ్మవారు అందరికంటే చివర రావాలి. అమ్మవారు వచ్చేలోపు పైన కట్టాల్సినవి కట్టి ఉండాలి, బరువులన్నీ దిగి ఉండాలి. అప్పటిదాకా ఆ చోట అదే ఎత్తున్న సీసా ఒకటి పెట్టి లైట్లు సరిచూసుకోవాలి. అమ్మవారు వచ్చాక ఏదైనా బరువు ముట్టుకోవాల్సి వస్తే ముందు అమ్మవారిని లోపలి గదికి తీసుకెళ్ళాలి. ప్రసాదం పని ముగిశాక పెట్టాలి. బూట్లు ఎవరు విప్పినా ఫ్లోరు చూసేవాడు పని ఆపాలి, విప్పింది ఫ్లోరు చూసేవాడైనా సరే.

"ఇది పంపితే మనల్ని పిచ్చోళ్ళనుకుంటారు అంకుల్" అన్నాడు మహీధర్. పంపాడు. తేజశ్రీ చదివి ఒక్క మాట అడిగింది, సీసా గాజుదా ప్లాస్టిక్‌దా అని. ప్లాస్టిక్ అని చెప్పారు.

తర్వాతి బుధవారం షూటింగు. ఆమె ఏడున్నరకే వచ్చి తలుపు పక్కన కాగితాల అట్టతో నిలబడింది. నిలబడ్డది సరిగ్గా వీరభద్రం పేరున్న బోర్డు కిందే. అమ్మవారు లోపలి గదిలో రత్నకుమారి కాపలాలో ఉంది. పీట మీద మూరెడు ఎత్తు ఊరగాయ సీసా ఉంది, రత్నకుమారి ఇంటి గోంగూర. వడ్రంగులు దాని పక్కనుంచి బూట్లు టకటకలాడిస్తూ తిరిగారు. కోదండరామ్ ఇంట్లోంచి వీడియో కాల్‌లో ఉన్నాడు. డెరెక్ ఫోన్ని స్టాండుకి బిగించాడు.

"సీసకు లైటు మంచిగ పడ్డది అన్నా. నా మొహం మీద ఎన్నడన్న గిట్ల గొట్టిండ్రా లైటు?"

తొమ్మిదింటికి వీరభద్రం పైన చివరి ముడి వేసి నిచ్చెన దిగుతున్నాడు. కింద ఒక వడ్రంగి పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. చేయి బూటు తాడు మీద ఉంది. అతని వెనక ఇంకొకడు వంగుతున్నాడు. తలుపు దగ్గర తేజశ్రీ కలం కాగితం మీదికి వచ్చింది.

వీరభద్రం పీట వైపు చూశాడు. సీసాకి పసుపు రాసి ఉంది. మధ్యలో రూపాయంత కుంకుమ బొట్టు. మూత చుట్టూ చామంతులు.

"ఆపండి" అన్నాడు.

గోడౌన్ అంతా ఆగింది. అతను ఆ మాట గట్టిగా అనడం చాలామంది మొదటిసారి విన్నారు.

"ఎవరు పెట్టారు బొట్టు?"

"నేనే అన్నయ్యా" అంది రత్నకుమారి లోపలి గది గుమ్మంలోంచి. "బోడిగా ఉంటే చూడలేకపోయాను. అమ్మవారి పీట కదా."

"అది గోంగూర."

"గోంగూరైతే మాత్రం?"

అతను సీసా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. పూలు తీసి పక్కన పెట్టాడు, చెత్తబుట్టలో వేయలేదు. పసుపూ కుంకుమా సబ్బు పెట్టి కడిగాడు. గుడ్డతో తుడిచి, తెచ్చి పీట మీద పెట్టాడు. కూర్చున్న వడ్రంగి సీసాని పరీక్షగా చూశాడు. మామూలు సీసాయే అని రూఢి చేసుకుని తాడు మళ్ళీ బిగించి లేచాడు. రెండోవాడు కూడా వంగింది నడుం నొప్పికన్నట్టు నడుం పట్టుకుని లేచాడు. ఒక్క పాదం కూడా బయటపడలేదు.

"నన్నే తిట్టినట్టుంది" అంది రత్నకుమారి.

"తిట్టలేదమ్మా."

"కడిగావుగా. అంతకంటే తిట్టేముంది?"

బరువులన్నీ దిగాక, వీరభద్రం ప్రతి స్టాండునీ ఒకసారి చేత్తో ఊపి చూశాక, సీసా తీసి భోజనాల బల్ల మీద పెట్టించాడు. అప్పుడు బూట్లున్నవాళ్ళందరినీ వేదిక చుట్టూ నేల మీద గీసిన పసుపు రంగు గీత అవతలికి పంపి, "తీసుకురా అమ్మా" అన్నాడు. రత్నకుమారి వట్టి కాళ్ళతో అన్నపూర్ణమ్మను తెచ్చి కూర్చోబెట్టింది. దీపం వెలిగింది. నెయ్యి మెరిసింది. పిల్లలు నవ్వమన్నప్పుడు నవ్వారు. పన్నెండున్నరకి అయిపోయింది.

తేజశ్రీ బల్ల దగ్గర నిలబడి కాగితం నింపింది. మహీధర్ ఆమె భుజం మీదుగా చూడకుండా చూడటానికి ప్రయత్నించాడు.

"తొమ్మిది గంటలకి పని ఆగింది. ఎందుకు అని రాయాలి" అంది ఆమె.

"సీసాకి బొట్టు" అన్నాడు వీరభద్రం.

ఆమె అలాగే రాసింది. ఇంగ్లీషులో ఎలా రాసిందో అతను చూడలేదు. చివర సంతకం పెట్టి, పై కాగితం చింపి మహీధర్‌కిచ్చింది. "స్టూడియో ఓపెన్. ఫ్లోర్ సూపర్‌వైజర్ మార్చక్కర్లేదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ వస్తాను. కోదండరామ్ గారి స్టేట్‌మెంట్ కూడా కరెక్ట్ చేశాం, క్లెయిమ్‌కి ప్రాబ్లం లేదు."

"నా కాళ్ళ నొప్పులు కొట్టేసినవా బిడ్డా?" అన్నాడు ఫోన్లోంచి కోదండరామ్.

"కొట్టేశాను."

"నిచ్చెన సంగతి?"

"అది డాక్టర్ చెప్పాలి అంకుల్" అంది. దానికి అతను ఏ జోకూ వేయలేదు.

భోజనాలకి కూర్చున్నారు. వేడన్నం, పప్పు, కంపెనీవాళ్ళ నెయ్యి. బల్ల మధ్యలో గోంగూర సీసా. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. డెరెక్ చేయి చాచబోయి, మిగతావాళ్ళని చూసి వెనక్కి తీసుకున్నాడు.

"ఒకసారి అమ్మవారి చోట కూర్చున్నాక ఎలా తింటారు?" అంది రత్నకుమారి. "ఇంటికి తీసుకెళ్ళి పైన పెట్టేస్తాను."

"కడిగారు కదా" అన్నాడు మహీధర్, అంత గట్టిగా కాదు.

వీరభద్రం కంచంలో అన్నం ఉంది. అతను సీసా వైపు చూశాడు. అటూ ఇటూ అందరూ తన చేతి వైపే చూస్తున్నారని అతనికి ఇప్పుడు తెలుస్తోంది. పదకొండేళ్ళుగా చూస్తూనే ఉండి ఉంటారు. సీసా దగ్గరికి లాక్కుని మూత తిప్పాడు. గరిటెడు గోంగూర అన్నంలో వేసుకుని, నెయ్యి పోసుకుని, కలిపి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగాడు.

"ఉప్పు సరిపోయింది" అన్నాడు.

అప్పుడు మిగతావాళ్ళు చేతులు చాచారు. తేజశ్రీ కూడా ఒక ప్లేటు తీసుకుంది.